ఎవరిదీ పిల్ల?

తిరుగు, ఇంకా తిరుగు. నీకు చేతనైన పని అదే కదా. కుండను తాటిమొద్దు మీద కదలకుండా నిలబెట్టి దాని చుట్టూ నువ్వు వెనక్కి వెనక్కి అడుగులు వేస్తావు, లోపల ఎడమచేతిలో మట్టిగుండు, బయట కుడిచేతిలో చెక్క, తప్ తప్ తట్, తప్ తప్ తట్. ఎక్కడైనా కుండ తిరుగుతుంది, కుమ్మరి కూర్చుంటాడు. మీ ఊళ్ళో కుండ దర్జాగా నిలబడుతుంది, మనిషి గానుగెద్దులా తిరుగుతుంది. మధ్యలో ఆపితే పగులుతుంది తల్లీ, కాస్త కూర్చో, దీని పొట్ట పూర్తిచేసి వస్తాను అన్నావు, నా మొహం సరిగ్గా చూడకుండానే. కూర్చున్నాను. ఇంటి కింద స్తంభాల మధ్య ఈ వెదురు మంచం మీద, మోటారుసైకిల్ దుమ్ము మొహాన ఉండగానే, నీ ముందు కాళ్ళు ముడుచుకుని ఒద్దికగా కూర్చున్నాను. ఇన్నేళ్ళు ఆగినదాన్ని, ఒక కుండ అయ్యేదాకా ఆగలేనా. ఎండ బయట తాటిచెట్ల మీద నిప్పులు పోస్తోంది, కొత్త సంవత్సరం పండగ వెళ్ళి నాలుగు వారాలైనా వాన జాడ లేదు. నీకు చెమట కారుతోంది. కారనీ.

నన్ను గుర్తుపట్టలేదు నువ్వు. పట్టవనే ధైర్యంతోనే వచ్చాను. మూడేళ్ళ పిల్లను వదిలించుకున్న దానివి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆఫీసు మనిషిలో ఆ పిల్లను ఎలా వెతుక్కుంటావు. నా పేరు మాలిస్ అని చెప్పాను, మంచి పేరు, మల్లెపువ్వు అన్నావు. అది నువ్వు పెట్టిన పేరు కాదు. నువ్వు పిలిచిన పేరు వేరే ఉంది, ఎండ్రకాయ. నా చిన్నతనంలో నాకు మిగిలిన ఆస్తి అంతా కలిపితే అది కొంత, ఈ చెక్క చప్పుడు కొంత. ఇంకా వెతికితే వరిగడ్డి పొగ, నుదుటి మీద వేలితో ఎవరో అద్దిన మసి, వీపు కింద చేట గరుకు, ఆపైన ఒక ఎర్ర క్రమా గుడ్డ తలకు చుట్టుకున్న ఆడమనిషి వీపు దూరమైపోవడం. కుండ చుట్టూ రోజంతా వెనక్కి నడిచేదానివి, ఆ రోజు మాత్రం ముందుకే నడిచావు. ఒక్కసారైనా మెడ తిప్పలేదు. నీ చంకలో తమ్ముడు ఉన్నాడు. వాడి మొహం మాత్రం నీ భుజం మీది నుంచి నావైపు తిరిగి ఉంది, నోట్లో వేలు. చంకలో వాడు, చేటలో నేను. ఇది నిజంగా గుర్తుందో, తర్వాత తర్వాత నేనే అల్లుకున్నానో తెలియదు, అల్లుకున్నా సరే, నా పగకు ఆధారం అదే, దాన్ని ఎవరికీ ఇవ్వను.

ఆ తర్వాతి కథ మీంగ్ సొకుం, అంటే సొకుం పిన్ని, చెప్పింది. అప్పట్లో బియ్యం, పాలపొడి పంచే కారులో ఊళ్ళు తిరిగింది ఆమే, నన్ను దారిలోంచి ఎత్తుకున్నదీ ఆమే. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చాక నేను అడిగితే దాచలేదు, పిన్నమ్మలా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. నీ ఒళ్ళు పెనంలా కాలుతోందమ్మా, కళ్ళు పైకి పోతున్నాయి, పక్కన ఒక ఆవిడ నిలబడి ఉంది, ఎవరిదీ పిల్ల అనడిగాను, నాది కాదు అంది, ఎవరిదో తెలీదు అంది, చంకలో వాణ్ణి సవరించుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఊళ్ళో అడిగితే ఆవిడ పేరు యెన్ అనీ, మొగుడు పోయిన కుమ్మరి మనిషనీ, తల్లే అనీ తెలిసింది. తల్లే కాదన్నాక ఇంక ఎవర్ని అడుగుతాం, నువ్వు చచ్చిపోతావేమోనన్న భయంలో కారు నేరుగా ఫ్నాంపెన్ ఆస్పత్రికి పోనిచ్చాం అంది. మీంగ్ సొకుం అబద్ధం ఆడే మనిషి కాదు. ఆస్పత్రిలో బతికాను. అనాథ పిల్లల ఇంట్లో కొన్నాళ్ళు ఉన్నాను. అక్కడికి బడి చొక్కాలు కుట్టి తెచ్చే మాక్, నేను అమ్మ అని పిలిచే మనిషి, నన్ను చూసి, కొలతలు తీసే టేపు నా మెడలో వేసి, ఇక దీన్ని ఇంటికి పట్టుకుపోతాను అందట. ఆ టేపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మాక్‌కు నేనంటే ప్రాణం. నాకు అన్నం, చదువు, జ్వరమొస్తే తడిగుడ్డ, పరీక్షలప్పుడు పక్కన కునికిపాట్లు, అన్నీ ఆమే. ఇవన్నీ నాకు తక్కువయ్యాయని కాదు నా పగ. ఇవన్నీ ఒక పరాయి మనిషి చేయగలిగినప్పుడు నువ్వెందుకు చేయలేదనే నా పగ.

రాత్రిళ్ళు నేను నిద్రలో ఏడ్చేదాన్నట. మాక్ చెప్పేది, పసిపిల్లలకు పూర్వజన్మలో ఒక తల్లి ఉంటుంది, ఆమె మమకారం చావక వెనకే వస్తుంది, నిద్రలో నవ్విస్తుంది, ఏడిపిస్తుంది, మరీ ముద్దొస్తే జ్వరం రూపంలో వచ్చి తీసుకుపోతుంది అని. ముందుటి తల్లి అంటారు ఆమెను. నేను ఏడ్చినప్పుడల్లా మాక్ లేచి కూర్చుని గాలిలోకి చెయ్యి విసిరేది. "పో, పో, ఇది ఇప్పుడు నాది. నీది అయిపోయింది, పో." నాకు మాత్రం ఆ ముందుటి తల్లి అంటే దయ్యం గుర్తొచ్చేది కాదు. తలకు ఎర్ర క్రమాతో నువ్వే గుర్తొచ్చేదానివి. మాక్ కసురుతుంటే నువ్వు గుమ్మం దగ్గర నిలబడి తిట్లు తింటున్నట్టు అనుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. చెప్పానుగా, నా పగ చిన్నప్పటిది, పాలపళ్ళ వయసుది.

తప్ తప్ తట్. ఒళ్ళు మండిపోతోంది, ఈ చప్పుడు నాకెందుకు ఇంత హాయిగా ఉంది. కాళ్ళ వేళ్ళు నన్నడక్కుండానే దరువు వేస్తున్నాయి. బొటనవేలిని ఇంకో కాలితో తొక్కిపట్టాను.

పంచాయతీ ఆఫీసు నుంచి, దిక్కులేని పిల్లలను చూసే మా సంస్థకు కబురు వచ్చినప్పుడు ఊరి పేరు చదివాను, తర్వాత నీ పేరు చదివాను. యాయ్ యెన్, అంటే యెన్ అవ్వ, కుమ్మరి ఆమె, దగ్గుతో సగమైపోయింది. కొడుకు థాయ్‌లాండ్‌లో భవనాల పనికి పోయాడు, జాడ లేదు. కోడలు మారుమనువు చేసుకుంది. నాలుగేళ్ళ మనవరాలు మిగిలింది, పేరు కుంథియా. ముసలమ్మ ఆ పిల్లను సాకలేకపోతోంది, ఏదైనా దారి చూపించండి అని. మామూలుగా అయితే బంధుత్వం ఉన్న మనిషి ఆ ఇంటికి వెళ్ళకూడదు, అది మా కట్టుబాటు. నేను వెళ్తాను అని అందరికంటే ముందు చెయ్యెత్తాను. నాకు ఈ ఊరి దారి తెలుసు అన్నాను. అది కూడా అబద్ధమే, దారి అడుక్కుంటూనే వచ్చాను.

మేము ఏ ఇంటికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే. ఈ పిల్ల ఎవరిది? ఆ ఇంటి మనిషి, తాతైనా, పిన్నైనా, గుడ్డి మేనమామైనా, నాది అంటే చాలు, పిల్లను అక్కడి నుంచి కదపం. ఇల్లు కురుస్తుంటే రేకులు వేయిస్తాం, బియ్యం, మందులు, బడి ఖర్చు చూస్తాం, నెలనెలా వెళ్ళి పలకరిస్తాం. నాది కాదు అంటే అప్పుడు పెంపుడు ఇల్లు. కారులో ఎక్కించుకుపోయి పెద్ద హాల్లో వరసగా పడుకోబెట్టే కాలం పోయింది, ఇప్పుడు ఇంటికి బదులు ఇల్లే ఇస్తాం. ఎందరికి ఇచ్చాను నేను. వరదలో తల్లి పోయిన కవలలను పడవవాళ్ళ జంట పెంచుకుంటున్నారు, వాళ్ళు ఇప్పుడు వలలు చిక్కు తీస్తూ మనకే పాఠాలు చెబుతారు. పట్నంలో పిల్లల ఇంటి నుంచి తిరిగొచ్చిన ఒక ఆడపిల్ల మేనత్త ఒళ్ళో మొహం పెట్టి పొద్దుగూకేదాకా లేవలేదు. ఎంత కానిపని చేసిన తల్లినైనా నేను ఒక్క మాట అనలేదు. తాగినవాళ్ళను, వదిలేసి పోయి మళ్ళీ వచ్చినవాళ్ళను, అందరినీ యాయ్, మీంగ్, బాంగ్ అని వరస కలిపి పిలిచాను. ఊరందరి అమ్మలకూ నేను దేవతను. నా కోపాన్ని చిల్లర ఖర్చులకు వాడకుండా మొత్తం నీకోసం దాచాను.

నీకోసం నేను వేసుకున్న లెక్క తేలిక. కుండ అవుతుంది, నువ్వొస్తావు. ఈ పిల్ల ఎవరిది అని అడుగుతాను. నాది కాదు అంటావు, నీకు అలవాటైన మాట. పొరుగూళ్ళో రేవు దగ్గర పిల్లల్లేని దంపతులు ఉన్నారు, మంచివాళ్ళు, వాళ్ళకు చెప్పే వచ్చాను. పిల్లను బండి ముందు కూర్చోబెట్టుకుంటాను. బండి బయల్దేరదీశాక, అప్పుడు, వెనక్కి తిరిగి చెబుతాను. యాయ్, మీ ఎండ్రకాయను నేనే. మొదటిదాన్ని వదిలించుకున్నారు, ఇదిగో రెండోదాన్నీ తీసుకుపోతున్నాను, ఇల్లు ఖాళీ అయింది, ఇక హాయిగా తిరగండి. ఆ మాటను పడక మీద, బస్సులో, స్నానం చేస్తూ ఎన్నిసార్లు నోట్లో తిప్పానో. ఒక్కోసారి తిరగండి అంటాను, ఒక్కోసారి తిరుగు అంటాను. మర్యాదగా అంటేనే ఎక్కువ గుచ్చుకుంటుందని పోయిన వారమే తేల్చుకున్నాను. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. నువ్వు ఏడాదంతా చేసుకో, నాకు ఒక్క దెబ్బ చాలు.

పక్కింటి మీంగ్ చోర్న్ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చి ఆగింది. మోపు కింద మొహం కనిపించదు, గొంతు మాత్రం వీధికంతా వినిపిస్తుంది. ఆఫీసు అమ్మాయి వచ్చిందంటే ఏదో పెద్ద సాయమే వచ్చిందనుకున్నాను, బండి వెనక చూస్తే ఖాళీ సంచి అంది. నీ బండి పెట్రోలు తాగుతుంటే మా ముసల్ది నూకజావ తాగి బతుకుతోంది తెలుసా అంది. నువ్వు తిరుగుతూనే, దాని నోటికి మూత చేసిపెడతానని ఏటా అనుకుంటాను, ఆ కొలతకు మట్టి చాలదు అన్నావు. ఇద్దరూ నవ్వారు. నవ్వు దగ్గుగా మారి నువ్వు కుండ అంచు పట్టుకుని వంగిపోయావు, చెక్క మాత్రం కింద పెట్టలేదు. నాకు కూడా నవ్వొచ్చింది, అది నేను ఊహించనిది, పెదవి కొరుక్కున్నాను. నీకు నవ్వడం వచ్చని నాకెవరూ చెప్పలేదు. నా పగలో నువ్వెప్పుడూ వీపువే.

ఈ పిల్ల ఒకటి. స్తంభం వెనక నుంచి సగం మొహం చూపించి, దాచి, మళ్ళీ చూపించి, చివరికి ధైర్యం చేసి వచ్చింది. ఒంటినిండా మట్టి, ముక్కు కారుతోంది, జుట్టు ఎవరో కొడవలితో కోసినట్టుంది. నీ కుండ నుంచి రాలిన మట్టితో ఏదో చేసి ఆకులో పెట్టి నా చేతిలో పెట్టింది. "అత్తా, తిను. కొబ్బరి వేశాను." దారిన పోయే ప్రతి ఆడమనిషినీ ఇక్కడి పిల్లలు ఇలాగే పిలుస్తారు. దీనికేం తెలుసు, నేను నిజంగానే దీని తండ్రికి అక్కనని, మేనత్తనని. నోటి దగ్గర పెట్టుకుని తిన్నట్టు నటించాను. అది ఒప్పుకోలేదు, నమిలి చూపించమంది. నమిలాను. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయింది అన్నాను. యాయ్ అయితే ఎప్పుడూ ఉప్పు లేదంటుంది, అబద్ధాలకోరు అని నా మోకాలి మీద కూర్చుంది, అడగకుండా, తన పీట మీద కూర్చున్నట్టు. దాని కాలి మడమలో పగులు, వేలి సందున పుండు, కానీ పుండు మీద పసుపు ఉంది. తలలో నూనె వాసన ఉంది. ఎవరో పొద్దున్నే దీని గోళ్ళు తీశారు. నా ఉద్యోగపు కళ్ళు నాకు ముందే చెప్పేశాయి ఈ పిల్లకు ఒక మనిషి ఉందని. నోరు మూసుకోండి అన్నాను నా కళ్ళతో. దీనికి పూసిన పసుపు నాకెందుకు పూయలేదో అడగడానికి వచ్చాను నేను, మెచ్చుకోవడానికి రాలేదు.

మాక్ పొద్దున అడిగింది, ఎక్కడికి వెళ్తున్నావని. కంపాంగ్ ఛ్నాంగ్ వైపు పని ఉంది అన్నాను. కుట్టుమిషన్ ఆపి కాసేపు నన్ను చూసింది. ఆమెకు ఊరి పేరు తెలుసు, మీంగ్ సొకుం చెప్పినప్పుడు పక్కనే ఉంది. ఒక్కదానివే వెళ్తున్నావా అంది. అవునన్నాను. దారిలో తినమని అరిటాకులో అన్నం కట్టిచ్చింది. కోపంగా ఉన్నప్పుడు నువ్వు తినవు, తిని మాట్లాడు అంది. ఆ పొట్లం ఇంకా బండి పెట్టెలోనే ఉంది.

చప్పుడు ఆగింది. కుండ అయింది. గుండ్రంగా, నున్నగా, అడుగు మూసుకుని. దాన్ని రెండుచేతులతో పసిబిడ్డను దింపినట్టు దింపి నీడలో పెట్టావు. చేతులు కడుక్కున్నావు, తలకు చుట్టుకున్న క్రమా విప్పి మొహం తుడుచుకున్నావు. అది ఎర్రది కాదు, నీలం. ఎందుకో అది నన్ను మోసం చేసినట్టు అనిపించింది. వచ్చి నా ముందు నేల మీద కూర్చున్నావు. మంచం మీద చోటుంది, కూర్చోలేదు. ఏభై దాటి ఎంతో కాలం కాదు నీకు, చూస్తే డెబ్భై అంటారు. పిల్ల నా మోకాలి మీది నుంచి జారి నీ ఒళ్ళోకి పోయింది. మీంగ్ చోర్న్ గడ్డిమోపు దించి దాని మీదే కూర్చుంది, వినడానికి. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన నిమిషం వచ్చింది, దాని పీక పట్టుకున్నాను.

"యాయ్, ఈ పిల్ల ఎవరిది?"

"నాది," అన్నావు.

నాకు అర్థం కానట్టు చూశాను. "అంటే, మీ కొడుకు బిడ్డ కదా, తల్లి కూడా ఉంది కదా. అందుకని అడుగుతున్నాను, ఎవరిదని చెప్పమంటారు."

"నాదని చెప్పు. రాసుకునేదుంటే రాసుకో. ఇంకోసారి అడిగినా అదే చెప్తాను. నాకు బియ్యం ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదు, ఇది మాత్రం నాదే. ఒకసారి నాది కాదని చూశానమ్మా. మళ్ళీ ఆ మాట నా నోటెంట రాదు."

మీంగ్ చోర్న్ అటు తిరిగి గడ్డిపోచ తుంచింది. అడగకపోయినా నువ్వు చెప్పావు, పిల్ల జుట్టులో చిక్కు తీస్తూ, చాలాసార్లు నీకు నువ్వే చెప్పుకున్న మాటలా.

"దీని తండ్రికి పైన ఒక ఆడపిల్ల. జ్వరం పట్టుకుని వదల్లేదు. నిద్రలో నవ్వేది. ముందుటి తల్లి లాక్కుపోతోందన్నారు. అలాంటప్పుడు మా కుమ్మరోళ్ళం ఏం చేస్తామంటే, బిడ్డకు కుండమసి పూసి, చేటలో పడుకోబెట్టి, దారిలో పెడతాం. ముందే చెప్పిపెట్టుకున్న మనిషి అటుగా వస్తుంది. ఎవరిదీ పిల్ల అంటుంది. నాది కాదు, ఎవరిదో తెలీదు అని వెనక్కి చూడకుండా పోవాలి. చూశామా, ముందుటి తల్లికి తెలిసిపోతుంది. ఆ మనిషి తీసుకుపోయి ఉంచుకుంటుంది. పిల్ల తేరుకున్నాక ఆమె ముందు అరటిపళ్ళు పెట్టి, నా పిల్లను నాకియ్యి అని తెచ్చుకుంటాం. మా ఊళ్ళో సగం మంది అట్లా బతికినోళ్ళే. ఇదిగో ఈ చోర్న్ కూడా చేటలో పిల్లే."

"ఆ రోజు రావాల్సింది మా అమ్మే," అంది మీంగ్ చోర్న్, నేలకేసి చూస్తూ. "ఎద్దు కట్టు తెంచుకుంటే దాని వెనక పోయింది."

"వాళ్ళమ్మ రాలేదు. బియ్యం పంచే కారు వచ్చింది. ఒకావిడ దిగి, ఎవరిదీ పిల్ల అంది. అదే మాట, అచ్చం అదే మాట. నేననుకున్నాను, పుణ్యాత్మురాలు, వీళ్ళకీ మన పద్ధతి తెలుసు, మా చోర్న్ వాళ్ళమ్మే చెప్పి పంపుంటుందని. నాది కాదన్నాను. తిరిగి చూడకుండా ఇంటికొచ్చాను. దయ్యాన్ని మోసం చేద్దామని ఆడిన అబద్ధం తల్లీ. దయ్యం నమ్మిందో లేదో తెలీదు, కారువాళ్ళు నమ్మేశారు."

నేను ఏం చేశానో నాకు గుర్తులేదు. పిల్ల చేసిన మట్టి ముద్ద చేతిలో ఉంది, దాన్ని నలిపి పొడి చేశాననుకుంటాను. నువ్వు చెబుతూ పోయావు. వాళ్ళను ఒక్క మాట అనలేదు. తీసుకెళ్ళి బతికించారట, పెద్ద ఆస్పత్రిలో పెట్టారట, ఇక్కడే ఉంటే ఆ రాత్రి దాటేది కాదు, ఆ పుణ్యం వాళ్ళది అన్నావు. వానలు తగ్గాక అరటి గెల నరికి, పడవ మీద, బస్సు మీద పట్నం వెళ్ళావట. పిల్లల ఇంటి గేటు దగ్గర మనిషి, నువ్వే కదమ్మా నీది కాదన్నావు అన్నాడట. అన్నాను కదా, ఏం చెప్పను అన్నావు. పళ్ళు మాత్రం లోపలికి ఇస్తానన్నాడు, ఇచ్చాడో లేదో. మళ్ళీ ఏడు వెళితే ఆ ఇల్లే అక్కడ లేదు, ఎవరూ చెప్పలేకపోయారు. నేను పంటి బిగువున అడిగాను, అంతేనా, తర్వాత వెతకలేదా అని. నా గొంతు ఆఫీసు గొంతులా లేదు. నువ్వు మొదటిసారి నన్ను నిదానంగా చూశావు.

"భయమేసింది. ఎక్కడో బతికే ఉంటుంది కదా. నేను నాది, నాది అని ఊరూరా అరుచుకుంటూ తిరిగితే ముందుటి తల్లి వింటుంది. విని మళ్ళీ వెంటపడుతుంది. నాది కానంతకాలమే అది బతుకుతుందేమో. అందుకని నోరు మూసుకున్నాను. దాని పేరు కూడా పైకి అనను."

అయిపోయిందా. ఇంతేనా. ఇన్నేళ్ళు నేను నూరి పెట్టుకున్న కత్తికి ఒక గొంతు కూడా దొరకదా. మీంగ్ సొకుంను పొడవనా, చచ్చిపోతున్న పిల్లను ఎత్తుకుపోయినందుకు? గేటు మనిషినా, ఉన్నమాట అన్నందుకు? ఎద్దునా? కట్టు తెంచుకున్న ఆ ఎద్దు చచ్చి ఎన్నేళ్ళయిందో. కోపం పోలేదు, ఎవరన్నారు పోయిందని, కోపం ఇంకా పెరిగింది, నిలబడటానికి చోటు లేక నా ఒళ్ళంతా తిరుగుతోంది. గేటు విరగ్గొట్టలేకపోయావా. దయ్యం వింటే విననీ అని ఒక్కసారి అరవలేకపోయావా. నేను విందును కదా. గుమ్మం దగ్గర మాక్ పో పో అన్నప్పుడల్లా నువ్వే అనుకుని సంతోషపడ్డాను కదా, నువ్వు నిజంగా ఆ దయ్యానికి భయపడి ఈ స్తంభాల మధ్య నోరు కట్టుకుని తిరుగుతున్నావని నాకెవరు చెప్పాలి. నేను ఆ పిల్లల ఇంట్లో ఉన్నప్పుడు ఎప్పుడైనా అరటిపండు తిన్నానా? తినే ఉంటాను. ఆ పండు నువ్వు తెచ్చిందేనేమో. తినేసి తొక్క పారేసి ఉంటాను.

తీర్పు చెప్పాను. అది నా చేతిలో పనే కదా. ఈ పిల్లను మేము తీసుకెళ్ళం అన్నాను. ఇక్కడే పెరుగుతుంది, మీరే పెంచాలి. బియ్యం, నూనె నెలనెలా వస్తాయి, మీ దగ్గుకు రేపే ఆస్పత్రి, నేనే తీసుకెళ్తాను, కుదరదంటే ఒప్పుకోను. బడి తెరిచేనాటికి దీనికి చొక్కాలు వస్తాయి, కుట్టే మనిషి నాకు తెలుసు. నెలనెలా నేనే వచ్చి చూస్తాను, గోళ్ళు చూస్తాను, తల చూస్తాను. మీరు చస్తానన్నా చావనివ్వను, దీన్ని పెద్దచేయాలి. ఒక్కో మాటా రాయి విసిరినట్టు విసిరాను. నువ్వు ప్రతిదానికీ తల ఊపావు, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టావు. మీంగ్ చోర్న్, అమ్మో, సాయం చేస్తోందా, శాపాలు పెడుతోందా ఈ అమ్మాయి అంది. రెండూ అన్నాను.

లేచాను. బండి తాళం చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు నువ్వు, ఏ పెద్దావిడైనా ఏ ఇంటికొచ్చిన ఆడపిల్లనైనా అడిగే మాటే అడిగావు, పంపించేటప్పుడు మర్యాదకు అడిగే మాట. "ఇంత మంచి చేశావు, నువ్వెవరి పిల్లవు తల్లీ?"

నేను నీ కళ్ళలోకి చూశాను.

"తెలీదు. ఎవరి పిల్లనో. దారిలో చేటలో దొరికానట."

పిల్ల మట్టిలో ఏదో గీస్తోంది. మీంగ్ చోర్న్ చేతిలోంచి గడ్డిపోచ జారిపోయింది. నువ్వు ఏడుస్తావనుకున్నాను. ఏడవలేదు. నా నుదుటివైపు చూశావు, మసి ఎక్కడ పూశావో అక్కడ. పైన చూరుకేసి చూశావు, తాటిచెట్లకేసి చూశావు, ఎవరైనా వింటున్నారా అన్నట్టు. తర్వాత లేచి, స్తంభాన్ని పట్టుకుని, ఇంటి వెనక్కి నడిచావు. మళ్ళీ నాకు నీ వీపు. బండి ఎక్కేద్దామనుకున్నాను, ఇంక చాలు, ఇదీ అదే వీపు. అడుగు పడలేదు. వెనక నుంచి కత్తి చప్పుడు వినిపించింది, ఏదో పచ్చి కాడ తెగిన చప్పుడు. నువ్వు తిరిగి వచ్చావు. చేతుల్లో అరటి అత్తాలు, పాలు కారుతున్నాయి, పూర్తిగా పచ్చివి, ఒక్కటీ పండింది లేదు. వాటిని వెదురు మంచం మీద నా ముందు పెట్టి, నేల మీద చతికిలబడి, చేతులు జోడించి కూర్చున్నావు. పెంచిన మనిషి ముందు పెట్టాల్సిన పళ్ళు. నన్ను పెంచిన మనిషి పట్నంలో మిషన్ ముందు ఉంది, ఇక్కడ లేదు. అడగాల్సింది అడగడానికి నేను తప్ప ఎవరూ లేరు. నీ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు, కళ్ళు ఇంకా చూరు మీదే ఉన్నాయి. అంత వయసొచ్చీ ఇంకా దానికే భయపడుతున్నావు. నాకు ముప్పై ఏళ్ళు, ఏ జ్వరమూ లేదు, అయినా నాకోసం భయపడుతున్నావు.

నేను వచ్చింది ఆ ప్రశ్న అడగడానికే. మంచం మీద కూర్చుని, అరటిపళ్ళ మీద చెయ్యి వేసి, అడిగాను.

"ఎవరిదీ పిల్ల?"

నువ్వు చెప్పావు. లోగొంతుతో, పెదవి దాటీ దాటకుండా. "నాది. నా ఎండ్రకాయ."

"వినపడలేదు," అన్నాను.

నువ్వు మళ్ళీ చెప్పావు, కొంచెం గట్టిగా.

"గట్టిగా చెప్పు. ఆ ముందుటి తల్లి కూడా వినాలి. వచ్చేదుంటే రమ్మను, నేనూ చూస్తాను."

చెప్పావు. పక్కింట్లో కుక్క మొరిగింది, పిల్ల తలెత్తి చూసింది. నాకు మొదటిసారే వినపడింది. అయినా, వినపడలేదు, ఇంకోసారి అన్నాను.